సైనికుడు ఏడ్చే సీను: ఆర్మీ రన్నింగ్‌కి వచ్చే పిల్లలకి చూపించడం తప్పా?

కావలి కోచ్ | ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ ముందు పూర్తిగా చదవండి.

నేను కావలిలో పొద్దున్నే నాలుగున్నరకి కుర్రాళ్లని పరిగెత్తిస్తాను. ఫీజు లేదు. అగ్నివీర్‌కి తయారవుతున్న వాళ్లు ఇరవై ఆరు మంది ఉన్నారు, అందరూ పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి లోపు. 1600 మీటర్లు, పుల్‌అప్స్, తొమ్మిది అడుగుల గుంత దూకడం, ఇదీ మా పని. నేను ఆర్మీలో చేయలేదు. ఎత్తు చాలక రెండుసార్లు వెనక్కి పంపించారు. ఎవరో ఒకరు ఎట్టాగూ అడుగుతారని నేనే చెప్పేస్తున్నాను.

పోయిన ఆదివారం సాయంత్రం ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి వాళ్లకి 'రెస్ట్రెపో' వేశాను. చూడని వాళ్లకి: ఇది 2010లో వచ్చిన డాక్యుమెంటరీ. అఫ్గానిస్తాన్‌లో కొరెంగల్ అనే లోయ ఉంది. 2007, 2008లో అక్కడ ఒక అమెరికన్ ప్లటూన్, అంటే చిన్న సైనిక దళం, కొండ మీద చిన్న పోస్టు కట్టుకుని ఉంది. సెబాస్టియన్ యుంగర్, టిమ్ హెదరింగ్టన్ అనే ఇద్దరు కెమెరాలు పట్టుకుని విడతలు విడతలుగా వెళ్లి వాళ్లతోనే ఉండి తీశారు. వెనక నుంచి కథ చెప్పే గొంతు లేదు, జనరల్స్ ఇంటర్వ్యూలు లేవు. రెస్ట్రెపో అనేది ఆ ప్లటూన్‌లో వైద్యం చేసే కుర్రాడి పేరు. వెళ్లిన కొత్తలోనే చనిపోయాడు, 20 ఏళ్లు. పోస్టుకి అతని పేరే పెట్టుకున్నారు. సినిమా మొదట్లో, యుద్ధానికి వెళ్లక ముందు, రైల్లో ఫ్రెండ్స్‌తో కలిసి గోల చేస్తూ కనిపిస్తాడు.

ముందు నేను పిల్లలకి ఏమీ చెప్పలేదు. యుద్ధం సినిమా అన్నాను, అంతే. కాల్పులు మొదలవగానే విజిల్స్. ఒకడు నోట్‌బుక్ కాగితాలు చించి పైకి విసిరాడు, ఫస్ట్ షో అనుకున్నాడేమో. సగం దాటాక ఒక పెద్ద ఆపరేషన్ ఉంటుంది, 2007 అక్టోబర్‌లో జరిగింది. అందులో వాళ్ల సార్జెంట్ ఒకాయన చనిపోతాడు. ఆ సంగతి తెలిసి ఒక సైనికుడు ఏడుస్తాడు. సినిమా ఏడుపు కాదు. చంటిపిల్లాడు దారి తప్పినప్పుడు ఏడుస్తాడే, అట్టా. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో వెనక నుంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు బయటికి పోయి వాంతి చేసుకున్నాడు.

సోమవారం ముగ్గురు రాలేదు. మంగళవారం ఒక తల్లి గ్రౌండ్‌కే వచ్చింది. "మా వాడు రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు. పరిగెత్తడం నేర్పించమంటే పిరికిమందు పోస్తున్నావా?" అని అందరి ముందూ అడిగింది. ఇద్దరు మళ్లీ వచ్చారు. మూడోవాడు నా దగ్గర అందరికన్నా బాగా పరిగెత్తేవాడు. వారమైంది, ఫోన్ ఎత్తడం లేదు.

నా ఉద్దేశం ఒక్కటే. సంతకం పెట్టేముందు కాగితం చదవాలి కదా. తప్పు చేశానా?

ఒంగోలు గిత్త | ఆదివారం, రాత్రి 10:41

తప్పే అన్నా. సారీ.

మీ దగ్గరికి వచ్చే పిల్లలు ఎవరు? ఇంట్లో ఎకరం కూడా లేని వాళ్లు, డిగ్రీ మధ్యలో ఆపేసిన వాళ్లు. మొదటి సంవత్సరం ప్యాకేజీ నెలకి 30 వేలు, చేతికి వచ్చేది 21 వేలు. నాలుగేళ్ల తర్వాత సేవానిధి 11 లక్షల 71 వేలు. నూటికి పాతిక మందిని ఉంచుకుంటారు, మిగతా వాళ్లు ఆ డబ్బుతో బయటికి వస్తారు. ఈ లెక్క వాళ్లకి మనకన్నా బాగా తెలుసు. అది చూసుకునే పరిగెడుతున్నారు. వాళ్లకి ఎక్కడిదో అమెరికా వాడి గొడవ చూపించి నిద్ర చెడగొట్టడం ఎందుకు? డాక్టర్ చదవబోయే పిల్లకి ఎంసెట్‌కి ముందు పోస్టుమార్టం చూపిస్తామా?

చీమకుర్తి రాయి | ఆదివారం, రాత్రి 10:58

> డాక్టర్ చదవబోయే పిల్లకి ఎంసెట్‌కి ముందు పోస్టుమార్టం చూపిస్తామా?

ఎంసెట్ కాదు బాబాయ్, ఇప్పుడు నీట్. మిగతాదంతా కరెక్ట్.

ఏడుపు చూసి భయపడేవాడు సైన్యానికి పనికిరాడు. ఫిల్టర్ అయిపోయాడు, మంచిదే.

పెన్నాగట్టు | ఆదివారం, రాత్రి 11:30

రిటైరైన తెలుగు పంతుల్ని. నిద్ర పట్టక ఇటు వచ్చాను.

'పనికిరాడు' అనే మాట మన సీమకి కొత్త కాదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధి దగ్గర ఖడ్గ తిక్కన సేనాని. కవి తిక్కనకి దాయాది వరస. ఆవుల మేత దగ్గర కాటమరాజుతో తగవు వచ్చి పాలేరు ఒడ్డున యుద్ధమైంది. సైన్యమంతా పోయి ఖడ్గ తిక్కన తన ఇంటికి తిరిగి వచ్చాడట. భార్య స్నానానికి నీళ్లు తోడి, చుట్టూ మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. అంటే ఆడవాళ్లకి చేసే ఏర్పాటు. ఇదేమిటని అడిగితే, ఇంట్లో అత్తా నేనూ ఇద్దరం, నీతో ముగ్గురం ఆడవాళ్లమయ్యాం, సిగ్గెందుకు అందట. తల్లి విరిగిన పాలు వడ్డించింది. నువ్వూ విరిగి వచ్చావు, పాలూ విరిగాయి అందట. ఆయన ఆ పూటే తిరిగి వెళ్లి చనిపోయాడు.

ముప్పై ఏళ్లు ఈ కథ క్లాసులో పాఠంగా చెప్పాను. 'విరిగి' అన్న మాట దగ్గర చమత్కారం వివరించేవాణ్ని, పిల్లలు నవ్వేవాళ్లు. ఆ మనిషి యుద్ధంలో ఏం చూసి వచ్చాడని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదే అన్నది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఇప్పుడు కోచ్‌గారి పోస్టు చదువుతుంటే తట్టింది. వెనక నవ్విన కుర్రాడిని తిట్టకండి. నేను క్లాసుల కొద్దీ నవ్వించాను.

చీమకుర్తి రాయి | ఆదివారం, రాత్రి 11:37

మాస్టారూ, ఆ తల్లీ భార్యా అట్టా అనబట్టే కదా ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆయన పేరు చెప్పుకుంటున్నాం.

పెన్నాగట్టు | ఆదివారం, రాత్రి 11:52

పేరు మిగిలింది నాయనా, కాదనను. బ్రిటన్ వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ పిరికివాళ్లనీ తమ సైనికుల్నే తుపాకులతో కాల్చి చంపారు. 2006లో వాళ్లలో 306 మందికి క్షమాభిక్ష ఇచ్చారు. తొంభై ఏళ్ల తర్వాత. వాళ్లకీ పేర్లు మిగిలాయి.

సూళ్లూరుపేట పక్షి | సోమవారం, ఉదయం 7:15

అందరూ ఏడుపు సీను గురించే మాట్లాడుతున్నారు. నా గొడవ వేరే. ఈ సినిమాలో ఏడ్చే హక్కు ఒక పక్షానికే ఇచ్చారు. కెమెరా గంటన్నర అమెరికన్ల భుజం మీదే ఉంటుంది. ఎదుటి కొండ మీద నుంచి కాల్చేవాడి ముఖం ఒక్కసారి కూడా కనపడదు. ఊరి మీద దాడిలో మామూలు జనం చనిపోతారు, పిల్లలకి దెబ్బలు తగులుతాయి. అది కాసేపు చూపించి, మళ్లీ మన కుర్రాళ్ల దగ్గరికి వచ్చేస్తారు. చూసేవాడు కన్నీళ్లు పెట్టుకుని 'పాపం సైనికులు' అని లేచి పోతాడు. ఆ లోయలో వాళ్లకి అసలు ఏం పని అని అడగడు. 2010 ఏప్రిల్‌లో అమెరికా ఆ లోయ వదిలేసి వెళ్లిపోయింది. నలభై మందికి పైగా సైనికులు అక్కడ చనిపోయాక.

అందుకే నాకు ఆ ఏడుపు మీద నమ్మకం లేదు. ఏడిపించడం తేలిక.

కావలి కోచ్ | సోమవారం, ఉదయం 7:40

అన్నా, తీసినవాళ్లు రాజకీయం వద్దనుకునే అట్టా తీశారు. సైనికుడికి కనపడింది మాత్రమే చూపిస్తాం అన్నారు. హెదరింగ్టన్ మరుసటి ఏడాదే, 2011 ఏప్రిల్ 20న, లిబియాలో మిస్రాటా అనే ఊళ్లో యుద్ధం ఫొటోలు తీస్తూ చనిపోయాడు. ఊరికే ఏడిపించడానికి తీసిన మనిషి కాదు.

సూళ్లూరుపేట పక్షి | సోమవారం, ఉదయం 7:48

ఆయన ధైర్యం మీద నాకు అనుమానం లేదు. కెమెరా ఎక్కడ నిలబడింది అన్నదే నా ప్రశ్న. ఆ ఊరి ముసలివాళ్లు ఆవు కోసం వస్తారు చూడండి, ఆ ఒక్క చోటే నాకు అవతలి వాళ్లు మనుషుల్లా కనిపించారు. మీ పిల్లలు దాని గురించి ఏమన్నారు?

కావలి కోచ్ | సోమవారం, ఉదయం 7:55

నిజం చెప్పాలంటే అప్పుడు ఇంటర్వెల్ లాగా అయిపోయింది. ఫైరింగ్ లేదని సగం మంది టీకి లేచారు. నేనూ లేచాను.

ఒంగోలు గిత్త | సోమవారం, ఉదయం 8:10

ఆవేంటి?

సూళ్లూరుపేట పక్షి | సోమవారం, ఉదయం 8:22

పోస్టు చుట్టూ వేసిన ముళ్ల కంచెలో ఒక ఆవు చిక్కుకుంది. సైనికులు చంపి తినేశారు. ఊరి పెద్దలు వచ్చి డబ్బులడిగారు. డబ్బులివ్వం, ఆవు ఎంత బరువుంటే అంత బియ్యం, బీన్స్, చక్కెర ఇస్తాం అన్నారు ఆఫీసర్లు. అదీ కథ.

ఒంగోలు గిత్త | సోమవారం, ఉదయం 8:31

తూకానికా?! ఆవుకి తూకానికి బియ్యమా!

నా పేరు చూశారు కదా. మా తాత ఎద్దుల బేరం చేసేవాడు. పాడి ఆవు వేరు, చూడి ఆవు వేరు, గొడ్డుది వేరు. పళ్లు చూడకుండా, మూపురం చూడకుండా, తల్లి ఏ ఇంటిదో అడగకుండా ధర చెప్పేవాడిని బేరంలో కూర్చోనిచ్చేవాళ్లే కాదు. మన జాతి బ్రెజిల్ పోయి 'నెలోర్' అని మన నెల్లూరు పేరుతోనే ఆ దేశమంతా నిండిపోయింది. అది కిలోల లెక్క చూసుకుంటే జరిగేదా? యుద్ధం సంగతి నాకు తెలీదు గానీ ఈ ఒక్క ముక్కతో ఆ అమెరికా వాళ్లు ఎందుకు ఓడిపోయారో అర్థమైంది.

మైపాడు అల | సోమవారం, ఉదయం 9:05

గిత్త అన్నా, చర్చ ఆవుల సంతకి పోయింది 😄 వెనక్కి రండి.

నేను నెల్లూరులో సైకియాట్రీ వార్డులో నర్సుని. కోచ్‌గారికి రెండు మాటలు. సినిమాయే కదా అని తీసెయ్యకండి. మనసుకి దెబ్బ తగిలినప్పుడు ఆ దృశ్యం పదేపదే ఎందుకు మెదులుతుందో తెలుసుకోవడానికి పరిశోధకులు వాడేదే సినిమా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి యాక్సిడెంట్లు, గాయాలు ఉన్న క్లిప్పులు చూపించి, తర్వాత వారం రోజులు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో రాసుకోమంటారు. 2009లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అట్టాగే ఒక సినిమా చూపించి, అరగంట తర్వాత కొందరితో టెట్రిస్ ఆడించారు. ఆడినవాళ్లకి ఆ వారంలో ఆ బొమ్మలు తక్కువగా మెదిలాయి. అంటే చూడటం వల్లే మెదులుతాయి, మామూలు మనిషికి కూడా. లైటు ఆర్పనివ్వని పిల్లాడు పిరికివాడు కాదు. చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే 14416కి ఫోన్ చేయమనండి. టెలీ మానస్, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మీ తప్పు చూపించడం కాదు, చెప్పకుండా చూపించడం. ఏముందో ముందే చెప్పాలి. మధ్యలో లేచి పోవచ్చని, పోతే ఎవరూ ఎగతాళి చేయరని చెప్పాలి. అయిపోగానే 'ఎట్టా ఉంది, చెప్పు చెప్పు' అని బలవంతంగా మాట్లాడించకూడదు. మాట్లాడాలనిపించిన వాడికి మనిషి దొరకాలి, అంతే.

చీమకుర్తి రాయి | సోమవారం, ఉదయం 9:20

టెట్రిస్ అంటే చిన్నప్పుడు తిరనాళ్లలో కొనిపించుకున్న ఇటుకల గేమే కదా సిస్టర్? అయితే మేమంతా యుద్ధానికి రెడీ.

హవల్దార్ గిద్దలూరు | సోమవారం, రాత్రి 9:48

పొద్దున్నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఇంత పొద్దుపోయింది. టైపింగ్ మా అమ్మాయి చేస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టమన్నాను.

మా గిద్దలూరు వైపు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఫౌజులో ఉంటారు. నేను ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సామాన్లు చేరవేసే దళంలో, డ్రైవర్ని. 1999లో కార్గిల్ అప్పుడు ద్రాస్ రోడ్డు మీద బండి తోలాను. కొండ ఎక్కి పోరాడింది నేను కాదు, అది మొదటే చెప్తున్నా. ఆ యుద్ధంలో మనవాళ్లు 527 మంది పోయారు. నేను పైకి రేషన్, గుండ్లు తీసుకుపోయేవాణ్ని. కిందికి వచ్చేటప్పుడు బండి ఖాళీగా వచ్చేది కాదు. ఇంతకన్నా చెప్పను.

ఈ సినిమా పోయిన ఏడాది మా అల్లుడు టీవీలో పెట్టాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ అర్థం కాని చోటు లేదు. మొదట నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ పిల్లలు ఎప్పుడు చూసినా రాళ్లు పగలగొడుతూ, సంచుల్లో మట్టి నింపుతూ ఉంటారు. రాత్రికి రాత్రి తవ్వి కట్టారు ఆ పోస్టు. సినిమాల్లో చూపించరు గానీ ఫౌజంటే పన్నెండణాలు మట్టిపనే. మిగతా నాలుగణాల్లో ఎదురుచూడటం ఎక్కువ. వాళ్లు పని లేక ఒకరి మీద ఒకరు పడి కుస్తీ పడతారు, పాట పెట్టుకుని డాన్సు వేస్తారు. మేమూ అంతే. చీమకుర్తి తమ్ముడు ఏడ్చేవాడు పనికిరాడన్నాడు. తమ్ముడూ, నేను చూసినంతలో ఏడ్చినవాడు మరుసటి రోజు డ్యూటీ చేశాడు. ఏడవనివాడూ చేశాడు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆ ఏడుపు సీనప్పుడు నేను బాగానే ఉన్నాను. నన్ను పట్టుకుంది వేరే చోటు. యుద్ధం నుంచి వచ్చేశాక ఆ పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి దగ్గర నుంచి ముఖాలు తీశారు. ఒక కుర్రాడు నిద్ర పట్టదని, కలల్లో అవే కనిపిస్తాయని, ఏ మందు వేసుకున్నా పోవడం లేదని చెప్తాడు. చెప్తున్నంతసేపూ నవ్వుతుంటాడు. ఆ నవ్వు నాకు తెలుసు. మా ఇంట్లో, మా బజార్లో అందరూ నన్ను సరదా మనిషి అంటారు.

నేను లేచి పెరట్లోకి పోయాను. మా ఇంటామె వెనకే వచ్చింది. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లు. కార్గిల్ నుంచి వచ్చినప్పుడు ఊరంతా దండలేస్తే ఆమె కూడా వేసింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆ రోజు పెరట్లో అడిగింది, "నీకూ అంతేనా?" అని. పంపు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడాను.

కోచ్ బాబూ, పిల్లలకి చూపించు. కానీ నువ్వు చూపించాల్సింది ఒక్క పిల్లలకే కాదు. ఆ గ్రౌండ్‌కి వచ్చి తిట్టిన తల్లి ఉందే, ఆమెని కూర్చోబెట్టు. రేపు వాడు లీవులో వస్తే తలుపు తీసేది ఆమే.

(నాన్న ఇంత మాట్లాడటం నేనూ ఎప్పుడూ వినలేదు. నా అక్షర దోషాలు ఉంటే క్షమించండి. వాళ్లమ్మాయి.)

పెన్నాగట్టు | సోమవారం, రాత్రి 10:06

హవల్దార్‌గారూ, నమస్కారం. రేపట్నుంచి నేను తిక్కన కథ చెప్పే పద్ధతి మారుతుంది. ఎవరికి చెప్తాను, రిటైరయ్యాను కదా అనకండి. మనవలున్నారు.

ఒంగోలు గిత్త | సోమవారం, రాత్రి 10:15

బాబాయ్, మీ మీద గౌరవంతోనే అంటున్నా. మీకు పెన్షన్ ఉంది, క్యాంటీన్ ఉంది. మీ రోజుల్లో పదిహేను, ఇరవై ఏళ్లు ఉద్యోగం. ఈ పిల్లలకి నాలుగేళ్లే. నిద్ర పోయినా చెప్పుకోవడానికి యూనిట్ ఉండదు, బయటికి వచ్చేస్తారు. అందుకే నేను చూపించొద్దంటున్నా. ముందే భయపెట్టి పంపితే వాడు ఆ నాలుగేళ్లు కూడా సుఖంగా ఉండడు.

మైపాడు అల | సోమవారం, రాత్రి 10:24

నేనైతే ఇదే లెక్కతో చూపించాలంటా అన్నా. యూనిట్ ఉండదు కాబట్టే, తనకి ఏమవుతోందో తనే గుర్తుపట్టాలి. యుద్ధం లాంటివి చూశాక మనసుకి మిగిలిపోయే ఈ దెబ్బకి 1980 దాకా వైద్య పుస్తకాల్లో ఇప్పుడున్న పేరు కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ అలసట అన్నారు, ఇప్పుడు పీటీఎస్‌డీ. మా వార్డుకి వచ్చేవాళ్లు ఇప్పటికీ 'గాలి సోకింది' అనే మొదలుపెడతారు.

ఉలవపాడు అమ్మ | మంగళవారం, ఉదయం 6:02

మీరందరూ చదువుకున్నవాళ్లు. నాకు రాయడం అంత రాదు, మరిది కొడుకు ఫోన్‌లో చూపిస్తే చదివాను.

మా అబ్బాయికి ఆర్మీ రావాలని నెల్లూరు రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పోయి స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె పట్టుకున్నాను. వచ్చింది. మరుసటేడు నేనే రొట్టెలు చేసుకుపోయి వదిలాను. ఆ దర్గాలో ఉన్నది కూడా యుద్ధంలో చనిపోయిన పన్నెండు మందే కదా. రొట్టె పట్టుకున్నప్పుడు ఆ ఆలోచన రాలేదు. వాడు కశ్మీర్ పోయాక వచ్చింది. పోయినసారి ఆరోగ్యం రొట్టె పట్టుకున్నాను.

ఆ సినిమా నాకు చూపించొద్దు. వాడు వారానికోసారి ఫోన్ చేస్తాడు. 'తిన్నావా' అంటాను, 'తిన్నా' అంటాడు. ఆ సినిమా చూశాక ఆ మాట నేను నమ్మగలనా? హవల్దార్ అన్న చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ వాడు తిరిగి వచ్చాక చూస్తాను. ఇప్పుడు కాదు.

హవల్దార్ గిద్దలూరు | మంగళవారం, ఉదయం 8:30

చెల్లెమ్మా, నువ్వన్నది సబబే. నేను తొందరపడి అన్నాను. ఎప్పుడు చూడాలో నువ్వే అనుకో.

చీమకుర్తి రాయి | మంగళవారం, ఉదయం 9:12

నేను మొదట రాసింది తీసేద్దామంటే ఎడిట్ బటన్ రావట్లేదు. అట్టాగే ఉండనీండి.

కానీ కోచ్ అన్నా, నవ్వినవాడి సంగతి చెప్పలేదు. వాడేమన్నాడు?

కావలి కోచ్ | మంగళవారం, రాత్రి 8:45

వాణ్ని నిన్న పక్కకి పిలిచి అడిగాను. "ఎందుకు నవ్వానో నాకే తెలీదు సార్. నవ్వకపోతే ఏడ్చేసేవాణ్నేమో" అన్నాడు. వాంతి చేసుకున్నవాడు మాత్రం రోజూ అందరికన్నా ముందే వస్తున్నాడు. మనుషుల సంగతి నాకు అర్థం కాదని ఒప్పుకుంటున్నా.

తిట్టిన ఆవిడ ఇంటికి పోయాను. మంచినీళ్లిచ్చింది. కూర్చోమనలేదు.

నర్సమ్మగారు చెప్పినట్టు ముందే చెప్పి చూపించాల్సింది. ఆ తప్పు ఒప్పుకుంటున్నా. చూపించడం తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు. ఎటొచ్చీ ఆ మూడోవాడు ఏడుపు సీనుకి భయపడి మానేశాడంటే నా వల్ల ఒక పిల్లాడి ఉద్యోగం పోయినట్టే. అదే నాకు నిద్ర లేకుండా చేస్తోంది.

పేరు లేదు 07 | బుధవారం, రాత్రి 11:16

సార్, ఆ మూడోవాణ్ని నేనే. ఫోన్ ఎత్తనందుకు సారీ. ఎదురుగా అయితే చెప్పలేను, అందుకే ఇక్కడ.

ఏడుపు సీనుకి భయపడలేదు సార్. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది, అది మామూలే అనుకున్నా. మీరందరూ టీకి పోయారే, అప్పుడు నేను లోపలే ఉన్నా. ఆవు డబ్బుల కోసం ముసలాయనలు వచ్చిన చోటు.

మా ఇంట్లో రెండు బర్రెలు ఉండేవి. పోయిన వానాకాలం ఒక కంపెనీ టిప్పర్ ఒకదాన్ని గుద్దేసింది. అప్పుడది చూడిది. నాన్న వాళ్ల ఆఫీసుకి పోతే నేనూ వెనకాల పోయా. గేటు బయట రెండు గంటలు నిలబెట్టారు. తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు, నా కన్నా నాలుగైదేళ్లు పెద్ద, అంతే. మర్యాదగానే మాట్లాడాడు. డబ్బులివ్వడానికి రూల్స్ ఒప్పుకోవు పెద్దాయనా, దాణా బస్తాలు ఇప్పిస్తాం అన్నాడు. నాన్న సరే అని చేతులు జోడించి తీసుకున్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో నాతో మాట్లాడలేదు.

ఆ సినిమాలో ఆఫీసర్ కూడా మర్యాదగానే మాట్లాడతాడు సార్. అదే నాకు తట్టుకోలేకుండా అయింది. అరిచి ఉంటే బాగుండేది. నేను రోజూ నాలుగింటికి లేచి పరిగెత్తేది ఆ కంచె లోపల నిలబడటానికి కదా. బయట నిలబడ్డది మా నాన్న. గిత్త అన్న నవ్వులాటకి రాశారు గానీ, తూకానికా అని అడిగినవాళ్లు ఆయనొక్కరే. మా నాన్న అడగలేదు.

ఆర్మీ వద్దని అనుకోలేదు. కావాలనీ అనుకోవడం లేదు. ఇంకా తెలీదు. పరుగు మాత్రం మానలేదు సార్. పొద్దున్నే కాలవ గట్టు మీద ఒక్కణ్నే చేస్తున్నా.

ఒంగోలు గిత్త | బుధవారం, రాత్రి 11:29

తమ్ముడూ, అది ఎన్నో ఈత బర్రె? ఆ కంపెనీ ఏ ఊరి దగ్గరుందో ఇక్కడ రాయొద్దు, నాకు మెసేజ్ పెట్టు. చూడి బర్రెకి దాణా బస్తాలిస్తే సరిపోతుందా? యాక్సిడెంట్ క్లెయిమ్‌లు చూసే లాయర్ ఒకాయన నాకు తెలుసు. నాన్నని తీసుకుని రా.

పేరు లేదు 07 | బుధవారం, రాత్రి 11:33

రెండో ఈత అన్నా. పెడతా.

కావలి కోచ్ | గురువారం, ఉదయం 4:12

చదివాను. గట్టు మీద టైం ఎంత వస్తోంది?

పేరు లేదు 07 | గురువారం, ఉదయం 4:15

5 నిమిషాల 38 సెకన్లు సార్.

కావలి కోచ్ | గురువారం, ఉదయం 4:16

చివరి నాలుగు వందల్లో భుజాలు బిగిస్తున్నావు. వదులు చెయ్.